ఆఫీసు ఫోను – ఇంటి పాటలు

గడచిన మాసమున ఈ శీర్షికయందు ఊరగాయ జాడీలఁ గూర్చి వ్రాసియుంటిని. తడిగరిటె పెట్టరాదనియు, మూఁతమీఁద వాసెన గట్టవలెననియు నేను వ్రాసినదానికి సోదరీమణులు కొందఱు ఉత్తరములు వ్రాసిరి. "మా యత్తగారును ఇట్లే చెప్పెడివారు. కాని ఎందులకో చెప్పెడివారు కారు" అని ఒకరు వ్రాసిరి. ఆ వాక్యము నా మనస్సున నిలిచిపోయినది. ఈ నెల వడియములఁ గూర్చి వ్రాయఁదలఁచితిని గాని, మా ప్రక్కయింట జరిగిన యొక సంగతి నన్ను అటు పోనీయకున్నది. కావున వడియములు వచ్చు నెలకు వాయిదా పడినవి.

మా ప్రక్కయింటివారి కుమార్తె హైదరాబాదున ఒక కంపెనీలో ఉద్యోగము చేయుచున్నది. నన్ను అక్కయ్యా యని పిలుచును గనుక, ఇందు ఆమెను చెల్లెలనియే వ్రాయుచున్నాను. అమెరికాలోని ఆసుపత్రులలో రోగులకుఁ జేసిన చికిత్సల వివరములు చదివి, ఒక్కొక్కదానికి నిర్ణయింపఁబడిన సంకేతమును వేసి, బీమాసొమ్ము లెక్కకు సిద్ధపఱచుట ఆ కంపెనీ పని. దానిని మెడికల్ కోడింగు అందురు. చెల్లెలు ఒక చిన్న బృందమునకుఁ బెద్ద. అందుచేత కంపెనీవారు ఆమెకొక మంచి ఫోను నిచ్చిరి.

చెల్లెలి అమ్మమ్మగారు మా వీధికంతటికిని అమ్మమ్మగారే. ఆమెకు చదువు రాదు. కాని ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు, కుశలవుల కథ మొదలైన పాటలన్నియు నోటికి వచ్చును. ఈ పాటలు అచ్చయిన పుస్తకములయందును గలవు. నేను చిన్ననాఁడు మా నాయనగారియొద్ద భారత భాగవతములు చదువుకొన్నదాననే గాని, ఈ పాటలను చదివినవారికంటెఁ బాడుకొన్నవారే యెక్కువగాఁ గాపాడిరని అమ్మమ్మగారి యెదుటఁ గూర్చుండిన పిదపనే తెలిసికొంటిని. ఆమె పాడు ఊర్మిళ పాటలో అచ్చుప్రతియందు లేని చరణములుండెడివి. అవి యెక్కడివని యడిగిన, "మా యమ్మ పాడెడిది, నేనును బాడుచున్నాను" అనెడివారు.

చెల్లెలు రెండు సంక్రాంతులకు పుట్టింటికి వచ్చినప్పుడు ఆమె ప్రక్కఁ గూర్చుండి 31 పాటలను ఫోనులోఁ బట్టినది. సొంతఫోను పాతది, నిండిపోయియున్నది. పాట సగములో ఆగిపోవుచుండెను. ఆఫీసుఫోనులోఁ జోటు చాలఁగలదు, పలుకు తేటగా వినవచ్చును. ఆ ఫోనులో కెమేరా పనిచేయదు. క్రొత్త ఆప్‌లు చేర్చుకొనుటకు వీలులేదు. మాటలను బట్టు ఆప్ మాత్రము పనిచేయుచుండెను. దానిని మూయవలెనని కంపెనీలో నెవరికిని దోఁచలేదు కాఁబోలు. గడచిన మార్గశిరమున అమ్మమ్మగారు పోయిరి.

మొన్న శ్రావణమాసమున నోమునకని చెల్లెలు కొడుకును వెంటఁబెట్టుకొని వచ్చినది. వానికి ఆఱేండ్లు. పేరంటమునాఁడు ఇల్లంతయు సందడి. ఫోను బీరువామీఁద నున్నది. వాఁడు కుర్చీ వేసికొని దానిని దించి, తెఱచుటకు అంకెలు నొక్కసాగినాఁడు. కొన్నిసారులు తప్పఁగా ఫోను, కొంతసేపు ఆగుమన్నది. వాఁడు ఆగినాఁడు. మరల నొక్కినాఁడు. ఇంక నిన్ని మారులే మిగిలియున్నవని ఇంగ్లీషున నొక హెచ్చరిక వచ్చినది. అది వానికి ఆటలో వచ్చు లెక్కవలెఁ దోఁచినది. పదియవ తప్పునకు ఫోను తనంతఁ దాను ఆఱిపోయి, వెలిఁగి, అంగడినుండి అప్పుడే తెచ్చినదానివలె స్వాగతము పలికినది.

చెల్లెలు నా యొద్దకుఁ బరుగున వచ్చి, "అక్కయ్యా, ఇందులో అమ్మమ్మ లేదు" అన్నది. నాకు ముందు ఆ మాట యర్థము కాలేదు. వెనుక పిల్లవాఁడు గుమ్మమునొద్ద నిలిచి, "పెద్దమ్మా, నేను పగులఁగొట్టలేదు, అంకెలే నొక్కితిని" అనుచుండెను. వానిని ఎవరును గొట్టలేదు. అది యొక్కటియే ఆ దినమున మేము చేసిన మంచిపని.

మఱునాఁడు కంపెనీలో ఫోనుల వ్యవహారము చూచువారితో మాటలాడినది. ఆయన మర్యాదగానే మాటలాడెను. "మేము తుడువలేదమ్మా. పదిసారులు తప్పిన తుడిచివేయవలెనని పాలసీ గలదు. ఆ పాలసీయే తుడిచినది. మఱల రప్పించుట ఎవరికిని సాధ్యము గాదు" అనెను. ఆ చివరి మాట నిజమే. ఈ కాలపు ఫోనులలో సమాచారమంతయు గూఢలిపిలో నుండును. తుడుచుట యనఁగా పుటలన్నియుఁ జించుట గాదు. ఆ లిపిని జదువు తాళపుచెవిని నశింపఁజేయుట. చెవి పోయిన పిదప, లోపల నేమి మిగిలియున్నను అది యెవరికిని బనికిరాదు.

ఈ పాలసీలఁ గూర్చి తెలిసికొనుటకు నేను కొంత శ్రమపడితిని. సోదరీమణుల యిండ్లలోఁ గొడుకో, కూఁతురో, కోడలో ఆఫీసు ఫోను మోయనివారు తక్కువ గనుక, తెలిసినంతవఱకు ఇచట వ్రాయుచున్నాను. మొబైల్ డివైస్ మేనేజిమెంటు అను నొక యేర్పాటు గలదు. ఆఫీసులోని యొక బల్లయొద్దఁ గూర్చున్న యుద్యోగి, వేలకొలఁది ఫోనులకు నియమములను ఒక్కమాఱే పంపఁగలఁడు. కెమేరా మూయవచ్చును. తెరమీఁద నున్నదానిని బొమ్మగాఁ దీయకుండ నాపవచ్చును. బ్లూటూతు మూలమునను, తీఁగ తగిలించి కంప్యూటరు మూలమునను ఏదియు వెలికిఁ బోకుండఁ గట్టవచ్చును. తాళపు అంకెలు ఎన్ని యుండవలెనో శాసింపవచ్చును. ఫోనును ఒక్క పనికే పరిమితముచేసి, మఱియొక ఆప్ తెఱవకుండఁ జేయవచ్చును. సామానులు ఇంటికిఁ జేర్చువారి చేతులలోను, అంగళ్లలోను అట్టివి చూడవచ్చును. కంపెనీవారే పూర్తిగాఁ బాలించు ఆండ్రాయిడు ఫోనులో, వారు ప్రత్యేకముగాఁ దెఱచినఁ దప్ప, గూగులువారి యొద్దఁ బ్రతి దాఁచుకొను సౌకర్యము మూయఁబడియే యుండును. చెల్లెలి ఫోనులో నిదియే జరిగినది. పాటలు లోనికిఁ బోయినవి. వెలికి వచ్చు త్రోవలన్నియు మూసియున్నవి. అభిమన్యుని పద్మవ్యూహము నాకు జ్ఞప్తికి వచ్చినది. ప్రక్కన మఱియొక ఫోను పెట్టి పాటలను వినిపించియుండిన, ఆ రెండవదానిలో నన్నియు నిలిచియుండెడివి. ఇంత సులభమైన యుపాయము బ్రతుకంతయు ఇల్లు దిద్దుకొన్న నాకును దోఁచలేదు, ఉద్యోగము చేయు ఆమెకును దోఁచలేదు.

కంపెనీవారిపై నాకుఁ గోపము వచ్చిన మాట నిజము. కాని రెండు దినములు పోయిన పిదప వారివైపునుండి యోచించితిని. ఆ ఫోనులోఁ బరాయిదేశపు రోగుల సంగతులకు సంబంధించిన యుత్తరములు వచ్చును. ఎవరి గర్భము నిలువలేదో, ఎవరికి ఏ వ్యాధి యున్నదో వ్రాసిన కాగితములతో నిత్యము మెలఁగు పని. అట్టివానిని దాఁచుటకు అమెరికాలో 1996లోఁ జేయఁబడిన హిపా అను శాసనము గలదు. ఆ ఫోను ఆటోలో మఱచిపోయినచో, దొరికినవాఁడు కూర్చుండి అంకెలన్నియు వరుసగా నొక్కి చూచును గదా. మా పిల్లవాఁడు చేసినదియు అదియే. ఫోనునకు దొంగయు, ఆఱేండ్ల బాలుఁడును ఒక్కటియే. మా యమ్మ వైద్యపు కాగితములు ఒక యపరిచితుని చేతి ఫోనులో నుండినయెడల, పది తప్పులకుఁ దుడిచివేయుమనియే నేనును గోరియుందును.

కావున నియమము చెడ్డది గాదు. నా వ్యథ వేఱు. చెల్లెలు ఉద్యోగమునఁ జేరునాఁడు ఇంగ్లీషున పదునాలుగు పుటల కాగితము నిచ్చి సంతకము చేయించిరి. కెమేరా పనిచేయదని అది వాడఁగానే తెలిసినది. తుడిచివేఁత సంగతి తుడిచిన దినముననే తెలిసినది. "ఈ ఫోనులో మీ సొంతవి యేమియుఁ బెట్టకుఁడు, పదిసారులు తప్పిన అన్నియుఁ బోవును" అని తెలుఁగున ఒక్కరు ఒక్క మాట చెప్పియుండిన, 31 పాటలు నేఁడు మా యొద్ద నుండెడివి. తడిగరిటె పెట్టకుమని చెప్పు అత్తగారు, పెట్టిన బూజుపట్టును అని కూడఁ జెప్పినచో, కోడలు అత్తగారు లేనప్పుడును పెట్టదు.

ఇంకొక సంగతి. కంపెనీ యిచ్చిన ఫోను వేఱు, మన సొంత ఫోనులో ఆఫీసు పని చేసికొనుట వేఱు. రెండవదానియందే యింకను జాగరూకత కావలెను. మన యింటిలో ఒక వాటాను ఎవరికైన అద్దెకిచ్చితిమనుకొనుఁడు. వారి వాటాకు వారు తాళము వేసికొందురు, వెళ్లునప్పుడు తమ సామాను తీసికొని పోవుదురు, మన వంటయింటిలోనికి రారు. ఆండ్రాయిడు ఫోనులలో 2014లో వచ్చిన 5.0 అను కూర్పునుండి ఇట్టి వాటా పెట్టు ఏర్పాటు గలదు. దానిని వర్కు ప్రొఫైలు అందురు. ఆ వాటాలోని ఆప్‌లమీఁద చిన్న చేతిపెట్టె గుర్తుండును. ఇట్టి ఏర్పాటున సొంత ఫోనులోని మన బొమ్మలను, మన యుత్తరములను కంపెనీవారు చూడలేరు. ఉద్యోగము మానిననాఁడు వారు తమ వాటా నొక్కదానినే ఖాళీచేయుదురు. సాయంకాలము ఆ వాటాను మూసి పెట్టు మీటయుఁ గలదు. దానిని నొక్కిన తెల్లవాఱువఱకు ఆఫీసు పిలుపులు రావు. ఈ మీట సంగతి చెప్పఁగానే మా వీధిలో నొక కోడలు నా చేతులు పట్టుకొన్నది.

కాని వాటా పద్ధతి వచ్చుటకు ముందునుండియు వేఱొక పద్ధతి గలదు. 2010లో ఆండ్రాయిడు 2.2 కూర్పుతో వచ్చినది. ఆఫీసు ఉత్తరములు చదువుటకు ఒక ఆప్ పెట్టుకొనఁగానే తెరమీఁద ఒక పట్టిక వచ్చును: సమాచారమంతయుఁ దుడిచివేయుట, తాళపు నియమములు పెట్టుట, తప్పు యత్నములను లెక్కించుట, తెరకుఁ దాళము వేయుట. క్రింద అంగీకారపు మీట. ఆ మీట నొక్కుట యనఁగా వాటాకుఁ గాక ఇల్లంతటికిని తాళపుచెవుల గుత్తి నిచ్చుటయే. గూగులువారు ఈ పాత పద్ధతిలోని కొన్ని యధికారములను 2019లో వచ్చిన 10వ కూర్పున తగ్గించిరి. కెమేరా మూయు నధికారము అందొకటి. అయినను తుడిచివేయు నధికారము నడుగు ఉత్తరముల ఆప్‌లు లేకపోలేదు. కావున "సమాచారమంతయుఁ దుడిచివేయుట" అను మాట ఆ పట్టికలోఁ గనఁబడిన, మీట నొక్కక మునుపు వాటా పద్ధతి గలదా యని ఆఫీసువారి నడుగవలెను.

ఐఫోనులలో ఇట్టి పాలన 2010లో వచ్చినది. 2019లో వచ్చిన 13వ కూర్పునుండి సొంత ఫోనులకై ప్రత్యేకమైన యొక చేరిక పద్ధతి గలదు. అందుఁ గంపెనీవారు ఫోనునంతను దుడువలేరు. ఏ పద్ధతియందైనను ఈ పాలనద్వారా మన ఫొటోలను, సొంత సందేశములను వారు చదువలేరు. ఫోను కంపెనీ పర్యవేక్షణలో నున్నచో సెట్టింగుల మొదటనే ఆ సంగతి యొక పంక్తిలో వ్రాసియుండును. మంది దానిని చూడరు. మనకుఁ జిన్న అక్షరములు చూచు నలవాటు బియ్యములో రాళ్లేరునప్పుడు మాత్రమే.

ఆండ్రాయిడునందును అట్టిదే యొక పుట గలదు. దీనినిఁ గనుఁగొన్న తీరు చెప్పవలెను. తుడిచిపోయిన ఫోనును చెల్లెలు కంపెనీవారి సూచనలచొప్పున మరల సిద్ధపఱచుకొన్నది. ఆ సాయంకాలము మేమిద్దఱము సెట్టింగులలో భద్రతకు సంబంధించిన భాగమున వెదకఁగా, పాలింపఁబడు పరికరపు సమాచారము అను పేరుగల పుట యొకటి కనఁబడినది. కంపెనీవారు ఏమేమి చూడఁగలరో, ఏమేమి చేయఁగలరో అందు వరుసగా వ్రాసియున్నది. ఏయే ఆప్‌లున్నవో వారికిఁ దెలియును. ఆ వరుసలో నొకచోట, సమాచారమంతయుఁ దుడిచివేయుటకు ముందు అనుమతింపఁబడు తప్పు యత్నములు అనియు, దాని ప్రక్కన 10 అనియు నుండెను. ఇన్నాళ్లును ఆ యంకె ఆమె చేతిలోనే యున్నది. చెల్లెలు దానిని చూచి చాలసేపు మాటలాడలేదు. చెప్పవలసినవారు ఒకమూల వ్రాసిపెట్టి చెప్పితిమనుకొనుట, వినవలసినవారికి అట్టి మూల గలదనియే తెలియకపోవుట, ఇది నాకు ఫోనులలోనే కాదు, చాలచోట్లఁ గనఁబడుచున్నది.

ఈ కట్టడులు ఆఫీసులకే పరిమితములు గావు. ఆంధ్రప్రదేశమున 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదవ తరగతి పిల్లలకును, వారి యుపాధ్యాయులకును టాబ్లెట్లు పంచినప్పుడు, పాఠములు దప్ప వేఱువాని జోలికిఁ బోకుండ వానిలోఁ గట్టడి పెట్టిరి. పిల్లల విషయమున అది సబబే యని నా యభిప్రాయము. పెద్దల విషయమునకు వచ్చునప్పటికి ఎంతవఱకు అను ప్రశ్న గలదు. 2017 ఆగస్టు 24వ తేదీన మన సుప్రీముకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు, పుట్టస్వామిగారి వ్యాజ్యమున, మనుష్యుని యేకాంతము ప్రాథమిక హక్కు అని యేకకంఠముగా తీర్పు చెప్పిరి. అటుపిమ్మట 2023లో వ్యక్తిగత సమాచారరక్షణకై పార్లమెంటు చట్టము చేసినది. అందు ఉద్యోగసంబంధమైన యవసరములకును, యజమానికి నష్టము రాకుండఁ జూచుకొనుటకును సమ్మతి లేకయే సమాచారమును వినియోగించుకొనుటకు వీలు గల్పించు నొక వాక్యముఁ గూడఁ గలదు. హక్కు ఒక చేతను, వెసులుబాటు ఒక చేతను. ఆ రెంటి నడుమ సంతకము పెట్టునది మన బిడ్డలే.

మా వీధిలో ఇప్పుడు ఆఫీసు ఫోను గల యిండ్లలో ఒక యలవాటు మొదలైనది. ఆదివారమునాఁడు ఆ ఫోనులోని సొంతవి యేవైన నున్నచో వెలికిఁ దీసికొనుచున్నారు. త్రోవ మూసియున్నచో అందుఁ బెట్టుటయే మానుచున్నారు. పిల్లల చేతికి ఆఫీసు ఫోను ఇచ్చుట పూర్తిగా నిలిచినది. మా చెల్లెలు సొంతముగా నొక ఫోను కొనుక్కొన్నది. ఖరీదు ఎక్కువైనదని వాళ్లమ్మగారు గొణుగుచునే యున్నారు.

పాటల మాటకు వత్తును. 31లో రెండు మాత్రము నా ఫోనులోఁ గలవు. ఒకనాఁడు చెల్లెలు లేనప్పుడు అమ్మమ్మగారు పిండివంట చేయుచుఁ బాడఁగా నేను ఊరకే పట్టితిని. నడుమ నూనె చిటపటలును, నా మాటలును గలవు. తక్కినవానిని జ్ఞాపకము నుండి వ్రాసికొనుచున్నాము. నాకు మొదలు వచ్చిన ఆమెకుఁ జివర వచ్చును. ఊర్మిళ పాటలో, లక్ష్మణుఁడు అడవినుండి వచ్చి లేపు చోట, అచ్చుప్రతిలో లేని నాలుగు చరణములుండెడివి. వానిలో రెండు దొరికినవి. మూఁడవదానిలో సగము పిల్లవాఁడు చెప్పినాఁడు. ముత్తవ్వ వానికి స్నానము చేయించుచుఁ బాడెడిదఁట. నాలుగవది యెవరికిని రాదు.

అమ్మమ్మగారి చెల్లెలొకరు తెనాలిలోఁ గలరు. వయస్సు 84. వినికిడి తగ్గినది గాని గొంతు తగ్గలేదని వారి కోడలు చెప్పినది. వచ్చు ఆదివారము మేమిద్దఱము వెళ్లుచున్నాము. చెల్లెలి క్రొత్తఫోను, నా పాతఫోను, ఒక నోటుపుస్తకము, రెండు పెన్సిళ్లు మూట గట్టియుంచితిని. పిల్లవాఁడు తానును వత్తుననుచున్నాఁడు.